పట్టికలో మూడవ వరుస: కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖకు బహిరంగ లేఖ

కేంద్ర పర్యావరణ, అటవీ, వాతావరణ మార్పుల మంత్రిత్వ శాఖ మంత్రివర్యులకును, కార్యదర్శి మొదలగు అధికార వర్గమునకును,
ఇందిరా పర్యావరణ భవన్, జోర్ బాగ్ రోడ్డు, న్యూఢిల్లీ.

మహాశయులారా,

2025 డిసెంబరు మాసమున రాజ్యసభలో వచ్చిన ఒక ప్రశ్నకు మీ శాఖ లిఖితపూర్వకముగా సమర్పించిన ప్రత్యుత్తరమున, వాయు నాణ్యతా సూచిక హెచ్చుటకును ఊపిరితిత్తుల వ్యాధులకును ప్రత్యక్ష సంబంధము కలదని స్థాపింపగల నిశ్చయాత్మకమైన సమాచారము లేదని సెలవిచ్చితిరి. ఆ వెంటనే, శ్వాసకోశ వ్యాధులను రేకెత్తించు కారణములలో వాయుకాలుష్యము కూడ నొకటి యని అంగీకరించితిరి. మొదటి మాట పత్రికల పతాకశీర్షికల కెక్కినది. రెండవది మీ దస్త్రములోనే అణగిపోయినది. ఒక చేత కారణమని వ్రాసి, ఇంకొక చేత సంబంధము తేలలేదని వ్రాయుట ఎట్లు పొసగినదో అడుగుటకు, ఢిల్లీ గాలినే పీల్చుచు ఈ ప్రాంతమున కాపురముండు తెలుగువానిగా, ఈ లేఖ వ్రాయుచున్నాను.

మీ యధీనమున పనిచేయు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దినదినము సాయంకాలము నాలుగు గంటల లెక్కతో దేశమందలి నగరముల వాయు నాణ్యతా సూచికను ప్రకటించుచుండును గదా. ఆ అంకెల భావము సామాన్యునికి బోధపడుటకై ఆరు వరుసల పట్టిక నొకదానిని కూడ ఆ మండలియే కూర్చినది. 50 వరకు మంచిది; 100 వరకు సంతృప్తికరము; 101 నుండి 200 వరకు గల మూడవ వరుసలో, ఉబ్బసము వంటి ఊపిరితిత్తుల జబ్బులు గలవారికి ఊపిరి తీయుట కష్టము కావచ్చునని, వ్యాధి పేరు పెట్టి మరీ వ్రాసియున్నది. పదేండ్లకు పైబడి ఆ వరుస అట్లే యున్నది, దానిని ఎవ్వరును ఆక్షేపింపలేదు. కార్తిక మాసమున ఢిల్లీవాసి యా మూడవ వరుసకు కూడ నోచుకొనడు. వానికి దక్కునవి అయిదవదియు ఆరవదియు. ఇక చెప్పుడు: ఆ పట్టిక సత్యమైనచో సభ కట్లేల చెప్పితిరి? సభకు చెప్పినదే సత్యమైనచో, ఉబ్బసరోగిని ఇన్నేండ్లుగా బెదిరించుచున్న ఆ వరుసను ఏల చెరిపివేయరు? సంబంధమే తేలనిచో, సూచిక 400 దాటిన దినములలో పసిపిల్లల బడులు మూయించి, లారీలను పొలిమేరల వద్ద నిలిపి, కట్టడపు కూలీల పని మాన్పించుట యేల? ఎవరి ఊపిరితిత్తులను కాపాడుటకై ఆ శ్రమ యంతయు?

నిశ్చయాత్మకత కొరకు ఎదురుచూచువారు ముందుగా ఆ రోగి శ్వాసనాళము లోపల ఏమి జరుగునో కొంచెము నిలిచి చూడవలెను. ఆరోగ్యవంతునికి పొగయు ధూళియు ఒక చీకాకు. దగ్గి, ఉమ్మివేసి, తన దారిన తాను పోవును. ఉబ్బసరోగి శ్వాసనాళపు లోపొర, బయటి కేమియు కానరాకున్నను, సదా కొంత వాచియే యుండును. ఆ పొర అడుగున మాస్ట్ కణములును ఇయోసినోఫిల్ కణములును పొంచియుండును. నాళమును చుట్టుకొనియున్న మృదుకండరము సాధారణముకన్న దళసరియై, పిలుపు వచ్చినదే తడవుగా బిగిసికొనుటకు సిద్ధముగ నుండును. అట్టి నాళములోనికి కల్మషవాయువు చొరబడినప్పుడు, లోపొర కణములను ఒకదానితో నొకటి అతికియుంచు బంధములు సడలును; గాయపడిన కణములు ఆపద సూచకములైన ప్రోటీనులను వెలువరించును; మాస్ట్ కణములు పగిలి హిస్టమినును, ల్యూకోట్రయీనులను చిమ్మును; కండరము ముడుచుకొనును; పొర మఱింత ఉబ్బును; చిక్కని శ్లేష్మము మిగిలిన సందును పూడ్చివేయును. నాళపు వ్యాసార్ధము సగమునకు తగ్గినచో, గాలి నిలుకడగ ప్రవహించు దశలో, దాని మార్గమునకు కలుగు నిరోధము రెండింతలు గాదు, పదునారింతలగును. లోనికి పోయిన గాలి వెలికి రానొల్లదు. వెనుకటి ఊపిరి ఖాళీ కాకమునుపే ముందటి ఊపిరి తీయవలసివచ్చును. అప్పుడు వినిపించు పిల్లికూతలను వినియుండని తెలుగిల్లు అరుదు. పండుకొనలేక, మంచముపై కూర్చుండి, మోకాళ్లపై దిండు పెట్టుకొని దానిమీదికి వ్రాలి తెల్లవారు వరకు గడపు పెద్దలను మీరును చూచియుందురు.

చరకసంహిత చికిత్సాస్థానమున శ్వాసరోగములకు చెప్పిన హేతువులలో రజస్సును ధూమమును కూడ పేర్కొనబడినవి. తమకశ్వాస మబ్బుకును, చలికిని, తూరుపు గాలికిని హెచ్చుననియు, పండుకొన్న పెరుగుననియు, కూర్చున్న శమించుననియు చెప్పబడినది. ప్రాచీనవిజ్ఞానమును గూర్చి సభలలో ఇంత గర్వముతో ప్రసంగించు మనము, దుమ్మును పొగను గూర్చి ఆ ప్రాచీనులు చెప్పిన యొక్క ముక్క మాత్రము మరచితిమా?

నేటి శాస్త్రము ఆ ముక్కను ఇంకను విప్పి చూపినది. డీజిలు మసి కేవలము బొగ్గు రేణువు కాదు. దాని తలముపై పాలీసైక్లిక్ ఆరోమాటిక్ హైడ్రోకార్బన్లును, లోహపు జాడలును అంటుకొనియుండును. అది పుప్పొడితో గూడి ముక్కు పొరను చేరినప్పుడు, పుప్పొడి ఒక్కటియే చేరినప్పటికన్న ఆ పుప్పొడి కెదురుతిరుగు ఐజీఈ ప్రతిరక్షకము మిక్కిలిగా పుట్టునని మనుష్యులపై జరిపిన ప్రయోగములే తేల్చినవి. లండను నగరమున అరువదిమంది ఉబ్బసరోగులను, డీజిలు బస్సులును టాక్సీలును మాత్రమే నాడు తిరుగుచుండిన ఆక్స్‌ఫర్డ్ వీధిలో ఒక దినము రెండు గంటలు నడిపించి, మఱియొక దినము అదేరీతిగ హైడ్ పార్కులో నడిపించి, ఇరుతావులను వారి ఊపిరి బలమును కొలిచిరి. వీధిలో నడచిన దినమున అది స్పష్టముగ తగ్గినది. ముందే రోగము కొంత ముదిరినవారియందు మఱింత తగ్గినది. 2007లో ప్రకటింపబడిన ఆ పరిశోధనలోని ఆక్స్‌ఫర్డ్ వీధిని మన ఢిల్లీ ఐటీవో కూడలితో పోల్చుట ఆ వీధికి అన్యాయమే యగును. ఆ కూడలికి కూతవేటు దూరమున, దీన్‌దయాళ్ ఉపాధ్యాయ మార్గమున, దుర్గాబాయి దేశ్‌ముఖ్ పూనికతో 1948లో నెలకొన్న ఆంధ్ర విద్యాసంఘము వారి పాఠశాల యున్నది. అందలి పిల్లలు నడచునది రెండు గంటలు గాదు, వారి బాల్యమంతయు.

అయినను ఈ లేఖకు ప్రధానవిషయము మసి గాదు, గంధకము. ఏలనన ఉబ్బసరోగి శ్వాసనాళముపై సల్ఫర్ డయాక్సైడు చేయు పని వంటి స్పష్టమైన నిదర్శనము వేరొకటి లేదు. దానిని గూర్చియే మీ శాఖ మిక్కిలి ఉదారముగ వ్యవహరించినది.

ఆ వాయువు నీటిలో సులభముగ కరగును. నెమ్మదిగా ముక్కుతో ఊపిరి తీయువానియందు అది ముక్కు తడిలోనే చాలవరకు నిలిచిపోవును. మెట్లెక్కునప్పుడు, పరుగెత్తునప్పుడు, బరువు మోయునప్పుడు మనము నోటితో ఊపిరి తీయుదుము. అప్పుడది నేరుగా శ్వాసనాళమును తాకును. ఉబ్బసరోగులలో చాలమందికి ముక్కు దిబ్బడ నిత్యసహచరి గనుక, వారికి నోటి ఊపిరి కూర్చున్నచోటను తప్పదు. ఆరోగ్యవంతుడు గుర్తింపనైన గుర్తింపని స్వల్పమోతాదు, వ్యాయామము చేయుచున్న ఉబ్బసరోగి నాళమును అయిదు, పది నిమిషములలో ముడిచివేయునని ప్రయోగశాల గదులలో పలుమార్లు ఋజువైనది. నిమిషములలో! అందువలననే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ వాయువునకు ఒక దినపు హద్దుతోబాటు, ఘనమీటరునకు 500 మైక్రోగ్రాములని పది నిమిషముల హద్దును కూడ ఏర్పరచినది. మన దేశమున 2009లో ప్రకటింపబడిన ప్రమాణములలో సంవత్సరపు సగటుకు 50, ఇరువదినాలుగు గంటల సగటుకు 80 అను రెండు హద్దులే కలవు. పది నిమిషములకు లేదు, గంటకును లేదు. ఇంటికి నిప్పంటుకొన్న గడియను ఆనాటి సగటు ఉష్ణోగ్రతలో కలిపి చూపి, ఏమియు జరుగలేదని చెప్పినట్లున్నది. పది నిమిషములలో మూసికొను నాళమును ఇరువదినాలుగు గంటల సగటుతో కొలిచి, ఆ సగటునకును ఆ రోగమునకును సంబంధము కనబడలేదనుట ఏ తర్కము? కొలమానమును మీరే నిర్ణయించి, ఆ కొలమానమునకు చిక్కని దానిని లేనిదానిగా చేయుట మీ కెవరిచ్చిన అధికారము?

ఇక ఆ ఔదార్యము మాట. బొగ్గు విద్యుత్కేంద్రముల పొగగొట్టములనుండి వెలువడు గంధకవాయువునకు 2015 డిసెంబరులో మీరే హద్దులు విధించి, రెండేండ్ల గడువిచ్చితిరి. సున్నపురాతి ముద్దను నీటిలో కలిపి, ఆ ద్రవమును పొగపై చిమ్మి, గంధకమును జిప్సముగా మార్చి పట్టుకొను యంత్రము కొత్తది గాదు, రహస్యమును గాదు. అయినను గడువు 2017లో జరిగినది, 2021లో జరిగినది, 2022లో జరిగినది, 2024 కడపటి దినములలో మఱల జరిగినది. జరిపి జరిపి విసిగినవారి వలె 2025 జులైలో వేరొక ప్రకటన చేసితిరి: రాజధాని ప్రాంతమునకు గాని, పది లక్షలు దాటిన జనాభా గల నగరములకు గాని పది కిలోమీటర్ల లోపలనున్న కేంద్రములు 2027 కడపటికి ఆ యంత్రము పెట్టవలెను, మిక్కిలి కలుషితములైన తావుల చెంతనున్న వాని సంగతి నిపుణుల సంఘము విడివిడిగా తేల్చును, మిగిలినవాని కా యంత్రము అక్కరయే లేదు. ఆ మిగిలినవి దేశమందలి కేంద్రములలో సుమారు 78 శాతము.

పది కిలోమీటర్లు! ఈ కొలత ఎచట దొరికినది? 2021 నవంబరులో ఢిల్లీ గాలి విషతుల్యమైనప్పుడు, మీ ప్రభుత్వమే శాసనము ద్వారా ఏర్పరచిన వాయు నాణ్యతా నిర్వహణ సంఘము, ఢిల్లీ చుట్టు 300 కిలోమీటర్ల వలయము గీచి, అందలి పదునొకండు ఉష్ణవిద్యుత్కేంద్రములలో ఆరింటిని కొంతకాలము ఆపించినది. నడుచుటకు అనుమతి పొందిన అయిదింటిలో పంజాబులోని రాజ్‌పురా, తల్వండీ సాబో కేంద్రములు రెండు కలవు. అనగా అంత దూరపు గొట్టములు కూడ ఢిల్లీ గాలికి బాధ్యత వహింపవలసినవే యని ఆనాడు మీవారు తలచిరి. నాలుగేండ్లు తిరుగకమునుపే 300 పదియైనది. గాలి మారినదా, లేక లెక్క మారినదా?

దేశపు బొగ్గులో గంధకము తక్కువ యనియు, నగరములలో గంధకవాయువు హద్దుకు లోబడియే యున్నదనియు మీరు చెప్పిన కారణములను నేను చదివితిని. వానిలో కొంత నిజము లేకపోలేదు. ఢిల్లీ కొలత కేంద్రములలో ఆ యంకె చిన్నదిగానే కనిపించును. గంధకవాయువు వాయువుగా నిలిచియుండదు గదా. గొట్టము వీడి గాలితో పయనించుచు, తేమతోను, అమోనియాతోను కలిసి, కొన్ని గంటలలో కొంత, కొన్ని దినములలో మఱింత, సల్ఫేటు రేణువుగా మారును. ఆ రేణువు 2.5 మైక్రానులకు లోబడిన సూక్ష్మకణముల లెక్కలో చేరును. వందల మైళ్లు దాటి వచ్చును. ఆపై ఢిల్లీ వీధిలో దానిని కొలిచినవాడు దానిని ధూళి యనును; ఏ గొట్టమును దానికి తండ్రిననదు. ఆ సూక్ష్మకణముల వార్షిక సగటు రాజధానిలో మీరు విధించిన 40 అను హద్దునకు రెట్టింపు దాటియున్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన 5 ముచ్చట ఇచట ఎత్తుట మర్యాద గాదు కాబోలు. గంధకము నిరపాయమైనదే యైనచో, డీజిలులో పదిలక్ష పాళ్లకు 50 గానున్న దానిని 10 పాళ్లకు దించుటకు, భారత్ స్టేజ్ ఆరు ఇంధనమును 2018లో ఢిల్లీకి, 2020లో దేశమంతటికి తెచ్చుటకు అన్ని వేల కోట్లు ఏల వెచ్చించితిరి? అది మీ ప్రభుత్వము చేసిన మంచిపని; దానిని నేను మనసార మెచ్చుకొందును. లారీ పొగలో విషమైనది విద్యుత్కేంద్రపు పొగలో కాకుండుట మాత్రము నాకు అంతుపట్టుట లేదు.

ఒక వ్యాధికిని గాలిలోని యొక వస్తువునకును సంబంధము ఎట్లు స్థాపింపబడునో తెలిపెడు కథ నొకటి మీ ముందుంచుదును. 1981 మొదలు 1987 వరకు స్పెయిను దేశపు బార్సిలోనా నగరమున ఇరువదియారు దినములలో ఉబ్బసము ఒక్కుమ్మడిగ విజృంభించి ఆస్పత్రుల అత్యవసర విభాగములు నిండిపోయినవి. కొందరు మరణించిరి. ఆ విజృంభణలకు కారణమేమో తొలుత ఎవరికిని తోచలేదు. పరిశోధకులు ఓడరేవు దినచర్య పుస్తకమును ఆస్పత్రి దినచర్య పుస్తకమును ప్రక్కప్రక్కన పరచి చూచిరి. సోయాచిక్కుడు గింజలను ఓడలనుండి దించిన దినములే ఆ దినములు. తదుపరి రోగుల రక్తమున సోయా ధూళికి ఎదురుతిరుగు ప్రతిరక్షకములు కనబడెను. గింజలు నింపు గాదె యొకదానికి ధూళిని పట్టు వడపోత సంచులు లేవని తేలెను. అవి బిగించిన పిమ్మట ఆ విజృంభణ ఆగిపోయెను. ఆ నగరాధికారులు తమ సభలో నిలిచి, నిశ్చయాత్మక సమాచారము లేదని చెప్పి, వడపోత సంచుల గడువు నాలుగుమార్లు జరిపియుండిన ఎట్లుండెడిదో ఊహింపుడు.

మన దేశమున ఆ రెండు పుస్తకములు ప్రక్కప్రక్కన పెట్టినవారు లేరా? ఉన్నారు, వారు మీవారే. కలకత్తాలోని చిత్తరంజన్ జాతీయ క్యాన్సర్ సంస్థ చేత కాలుష్య నియంత్రణ మండలి స్వయముగ చేయించిన అధ్యయనమున, ఢిల్లీలోని ముప్పదియారు బడుల పిల్లలు పదునొకండు వేలకు పైబడి పరీక్షింపబడిరి; వారిలో 43.5 శాతము మందికి ఊపిరితిత్తుల పని తగ్గియున్నదని, పోల్చి చూచుటకై తీసికొన్న పల్లెపిల్లలలో ఆ పాలు 25.7 శాతమే యని తేలినది. భారత వైద్య పరిశోధన మండలి పాల్గొన్న అధ్యయనము, 2019లో దేశమున సంభవించిన మరణములలో 16.7 లక్షలు వాయుకాలుష్యమునకు చెందినవని లెక్కగట్టినది. 2022 నుండి 2024 వరకు మూడేండ్లలో ఢిల్లీలోని ఆరు కేంద్ర ఆస్పత్రులకు తీవ్రశ్వాసవ్యాధులతో వచ్చినవారు రెండు లక్షలకు పైబడిరనియు, అందు ముప్పది వేలకు మించినవారు చేర్చుకొనబడిరనియు ఆరోగ్య శాఖ అదే డిసెంబరులో అదే రాజ్యసభకు విన్నవించినది. ఆ శాఖయును కాలుష్యము హెచ్చిన దినములలో అత్యవసర విభాగములకు రోగులు హెచ్చుగ వచ్చిరని ఒప్పుకొని, ఇది కార్యకారణ సంబంధమును ఋజువు చేయజాలదని తోక తగిలించినది. ఎంతమంది వచ్చినచో ఋజువగునో ఆ సంఖ్యను దయచేసి ముందుగ తెలుపుదురా?

చట్టము మిమ్ము ఋజువు అడుగలేదు. మీరు నిర్వహింపవలసిన 1981 నాటి వాయుకాలుష్య నివారణ చట్టము, గాలిలో నుండు ఏ పదార్థము మనుష్యులకు హానికరము కావచ్చునో, లేదా హాని కలిగింప మొగ్గునో, దానిని కలుషితమని నిర్వచించినది. కావచ్చును, మొగ్గును, ఈ రెండు క్రియలలో నిశ్చయాత్మకత యెచట నున్నది? ఇంకొకటి. మా హైదరాబాదు ఉస్మాన్‌సాగరము, హిమాయత్‌సాగరముల చెంత నూనె కర్మాగార మొకటి వెలయబోయినప్పుడు, ఆ జలాశయములకు పది కిలోమీటర్ల లోపల కలుషిత పరిశ్రమలు కూడవను నియమముపై వచ్చిన వ్యాజ్యమున, 1999 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పు వెలువడినది. ఆ తీర్పు వ్రాసిన న్యాయమూర్తి ఎం. జగన్నాధరావు తెలుగువారు. శాస్త్రము సందిగ్ధమైనచోట ప్రమాదమును నివారించు వైపే మొగ్గవలెననియు, హాని లేదని చూపవలసిన భారము హాని చేయవచ్చు పని తలపెట్టినవానిపైననే యుండుననియు ఆయన ఎంతో ఓర్పుతో వివరించిరి. ఆనాడు పది కిలోమీటర్లు నీటిని కాపాడు గోడ. మీ చేతిలో ఆ పది కిలోమీటర్లే గొట్టములను విడిచిపెట్టు ద్వారమైనవి. ఋజువు భారమును మీరు ఎవరిపై మోపితిరో గమనించితిరా? ఊపిరి ఆడనివానిపై.

ఆ భారము మోయువారి ఇండ్లలో అదెట్లుండునో మీ కార్యాలయమునకు తెలియకపోవచ్చును. మయూర్ విహారులో మా వీధి మొగను గల మందుల దుకాణమున, దీపావళి వచ్చినదన్నచో, గల్లాపెట్టె ముందు వరుసలోనికి నెబులైజరు పెట్టెలు చేరును. అంగడివాడు వానిని పండుగ సరకువలె పేర్చును, వారము తిరుగకమునుపే అవి చెల్లిపోవును. ఎదురింటి అమ్మాయి తన ఆరేండ్ల పిల్లవానికి బడికి పంపుటకు ముందు, మూతికి మాస్కు గల ప్లాస్టిక్ స్పేసరు పట్టి, ఇన్‌హేలరు నొక్కి, తెలుగున ఒకటి నుండి పది వరకు లెక్కపెట్టును. పిల్లవాడు ఊపిరి తీసినప్పుడెల్ల అందలి కవాటము టిక్కుమనును, కొన్ని దినములలో ఆ టిక్కు పదింటికి నాలుగైదే వినిపించును. స్టెరాయిడు ఇన్‌హేలరు నిత్యమును, సాల్బుటమాల్ అవసరమునకును, గాలిని వడకట్టు యంత్రము పడకగదికిని, దాని జల్లెడ ప్రతి యేటను. ఇవన్నియు కొనగలవారి సంగతి యిది. రిక్షా త్రొక్కువానికిని, ఇటుకల బట్టీలో పనిచేయు ఆడుకూలికిని నోటితో ఊపిరి తీయుటయే వృత్తి. వారికి ఏ యంత్రము?

మృగశిర కార్తె ప్రవేశించు దినమున హైదరాబాదు నాంపల్లి ఎగ్జిబిషను మైదానమునకు, బత్తిని వారి చేపమందు కొరకు, దేశపు నలుమూలలనుండి ఉబ్బసరోగులు వేలసంఖ్యలో వచ్చి, బ్రతికియున్న కొఱ్ఱమీను పిల్లను మందుముద్దతో సహా మ్రింగుదురు. ఆ మందునకు శాస్త్రమున ఋజువు దొరకలేదని నేనెరుగుదును. దానిని సమర్థించుట నా యుద్దేశము గాదు. అయినను ఆ వరుసలో నిలిచినవారి ముఖములను చూచినవాడు, ఒక్క నిండు ఊపిరి కొరకు మనుష్యుడెంతకు సిద్ధపడునో ఎరుగును. 2025 నవంబరు 9న ఇండియా గేటు చెంత పిల్లలను వెంటబెట్టుకొని నిలిచి, పరిశుభ్రమైన గాలి కావలెనని అడిగినందుకు పోలీసుల బండ్లెక్కిన తల్లిదండ్రులును ఆ వరుసవారే.

లండను నగరమున, రద్దీ రహదారి ప్రక్కన పెరిగిన ఎల్లా అడూ కిస్సీ డెబ్రా అను తొమ్మిదేండ్ల బాలిక 2013లో ఉబ్బసముతో మరణించినది. తల్లి పట్టు విడువలేదు. 2020 డిసెంబరులో మరణవిచారణాధికారి, ఆ మరణమునకు వాయుకాలుష్యము గణనీయముగ తోడ్పడినదని నిర్ణయించి, మరణకారణములలో దానిని చేర్చెను. అచ్చటి ప్రభుత్వము ఋషితుల్యమైనదని నే ననుట లేదు. ఆ నిర్ణయమునకు ఏడేండ్లు పట్టినది. అయినను ఆ తల్లి ఋజువు చేయుటకు ప్రయత్నించినప్పుడు, ఆ బాలిక ఆస్పత్రిలో చేరిన దినముల చెంతనుంచి పోల్చుటకు కొలత కేంద్రపు గంటగంటకు గల అంకెలు దొరికినవి. వానిని విని తీర్పు చెప్పు పీఠమొకటి దొరికినది. ఇచట ఒక తల్లి అట్లు పోరాడదలచినచో ఏ కార్యాలయపు తలుపు తట్టవలెను? మన మరణపత్రములలో ఊపిరి ఆగుటకు కారణము ఊపిరి ఆగుట యని వ్రాయుట వాడుక. ఆ పత్రములు చూచి, కాలుష్యము పేరు ఎచటను లేదు గదా యని సభలో చెప్పుట మీ వాడుక.

కనుక మిమ్ము అడుగునది ఇది. రాజ్యసభ కిచ్చిన ఆ ప్రత్యుత్తరమును అదే సభలో సవరింపుడు. గంధకవాయువునకు పది నిమిషముల హద్దును మన ప్రమాణములలో చేర్పుడు. ఆ హద్దు దాటిన ప్రతి పర్యాయమును ఆ గడియకే ప్రకటింపుడు, మరునాటి సగటులో ముంచకుడు. ఢిల్లీ, గురుగ్రామ్, నోయిడా, ఘాజియాబాద్, ఫరీదాబాద్ ప్రభుత్వాస్పత్రుల అత్యవసర విభాగములకు ఉబ్బసముతో వచ్చువారి దినసరి సంఖ్యను ఆరోగ్య శాఖచేత మీ సూచిక ప్రక్కనే వేయింపుడు. ఋజువు కావలసినది మీకు గదా, దానిని పోగుచేయుటయు మీ పనియే. 2025 జులై ప్రకటనను ఉపసంహరించుకొని, పది కిలోమీటర్ల వలయమునకు ఆధారమైన లెక్కను అచ్చువేసి ప్రజల యెదుట పెట్టుడు. ఆ లెక్క సరియైనదని స్వతంత్రులైన శ్వాసకోశ వైద్యులు అంగీకరించినచో నేను కూడ తలవంచెదను.

ఆ ప్రకటనలోనే, రాజధాని చెంతనున్న కేంద్రములకు 2027 డిసెంబరు గడువు నిలిపియుంచితిరి. నాలుగు పర్యాయములు జరిగిన గడువది. అయిదవ పర్యాయము జరుగదని మంత్రివర్యులు తమ చేవ్రాలుతో ఇప్పుడే వ్రాసి యియ్యగలరా?

భవదీయుడు,
తూర్పు ఢిల్లీలో నివసించు ఒక తెలుగు పౌరుడు